పదకొండో నంబరు మీద పక్షపాతం

జెండా పైకి లేచింది.

అంతే, ఇండోర్ స్టేడియంలోని నాలుగు వేల గొంతులూ ఒక్కసారిగా ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాయి. వాలీబాల్ మ్యాచ్‌లో ఆఖరి సెట్, ఆఖరి పాయింటు. సర్వ్ చేసింది ఆ ఊరి కుర్రాడే. బంతి గీతకు రెండు వేళ్ల అవతల పడింది. లైన్ జడ్జిగా మూలన నిలబడ్డ ఆమె అవుట్ అంది. ఊరి జట్టు ఓడిపోయింది.

"ఆ పిల్లకు ఎవరైనా కళ్లద్దాలు కొనిపెట్టండ్రా!" ఎవరో అరిచారు.

సర్వ్ చేసిన ఆ ఆరున్నర అడుగుల మనిషి నెట్ పక్కనుంచి పరుగెత్తుకొచ్చాడు. జట్టులో చేరి ఏడాది కూడా కాలేదు. చిన్నప్పటినుంచీ ఊరంతా అతన్ని నిచ్చెన అనే పిలుస్తుంది.

"బాగా చూశారా?"

"చూశాను."

"నిజంగా చూశారా?"

"చూడ్డానికే కదండీ నన్నిక్కడ నిలబెట్టారు."

"గీతను తాకింది!"

"మీ మనసును తాకి ఉంటుంది. గీతను తాకలేదు."

అతను విసురుగా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

చిత్రమేమిటంటే, ఆమె ఉద్యోగం కళ్లద్దాల షాపులోనే. వారమంతా జనం కళ్లు పరీక్షించి, వారాంతంలో గీతలు చూస్తుంది. రెండేళ్ల క్రితం ఉద్యోగం కోసమే ఆ ఊరొచ్చింది. మ్యాచ్ మర్నాడు షాపుకొచ్చిన ముగ్గురిలో ఇద్దరు, "ముందు మీ కళ్లు చూపించుకోండమ్మా" అని సలహా ఇచ్చి మరీ వెళ్లారు.

రెండో రోజు సాయంత్రం వాన. తలుపు తెరుచుకుంది. చట్రానికి తల తగలకుండా నడుం దగ్గర వంగి లోపలికొచ్చాడతను. జుట్టులోంచి కారిన నీళ్లు ముక్కు చివర ఆగాయి.

"వీడియో చూశానండి. పదహారుసార్లు. అవుటే."

"తెలుసు."

"సారీ చెబుదామని వచ్చాను."

"చెప్పండి."

"చెప్పాను కదా?"

"చెబుదామని వచ్చానన్నారు. ఇంకా చెప్పలేదు."

"సారీ అండి," అన్నాడు బుద్ధిగా.

"కూర్చోండి. షాపులోకొచ్చిన మనిషి కళ్లు చూడకుండా పంపిస్తే మా ఓనరు ఊరుకోరు."

కుర్చీని ఎంత కిందకు దింపినా అతని మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. ఆమె చిన్న లైటు వేసి ముందుకు వంగింది.

"లైటును చూడండి. నన్ను కాదు."

"రెండూ ఒకే వైపున్నాయండి."

ఆమె ఇలా దగ్గరనుంచి వేల కళ్లు చూసింది. ఒక్క కన్నూ తిరిగి ఇలా నవ్వలేదు. లైటు కాస్త ముందే ఆర్పేసి, "కళ్లకేం దోషం లేదు, వెళ్లొచ్చు" అంది.

వెళ్లాడు. మూడు రోజులకు మళ్లీ వచ్చాడు, కళ్లద్దాల పెట్టె కావాలని. ఇంకో మూడు రోజులకు ఇంకో పెట్టె. ఆ తర్వాత అద్దాలు తుడిచే గుడ్డ.

"మీకు కళ్లద్దాలే లేవు కదా?"

"ముందుచూపండి. ఎప్పటికైనా వస్తాయిగా."

ఆమె నవ్వేసింది. ఆ నవ్వు చూశాకే అతనికి అసలు మాట చెప్పే ధైర్యం వచ్చినట్టుంది. కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

"వేరే ఊళ్లలో నా సర్వ్‌కు ఎదురు లేదండి. ఇక్కడైతే బంతి నెట్‌లోకి పోతుంది, లేకపోతే గీత దాటిపోతుంది. అక్కడ జనం అరిస్తే అదొక హోరు, అంతే. ఇక్కడ ప్రతి గొంతూ తెలుసు. మూడో వరసలో మా లెక్కల మాస్టారు. ఆ వెనక నాకు జుట్టు కత్తిరించే ఆయన. బాబాయి, పిన్ని, బస్సు డ్రైవరు. అందరూ ‘మనవాడు, మనవాడు’ అంటారు. బంతి చేతిలోకి తీసుకోగానే ఒక్కొక్కళ్ల మొహం కనిపిస్తుంది. చెయ్యి బిగుసుకుపోతుంది. ఈ శనివారం కూడా ఇంతే అయితే వచ్చే ఏడాది జట్టులో చోటు లేదన్నారు కోచ్. ఊరికి మొహం ఎలా చూపించను?"

ఈసారి అతని గొంతులో ఆట లేదు.

"నేను లైన్ జడ్జిని. ఆట గురించి మీకు సలహా ఇవ్వకూడదు," అంది ఆమె.

"ఆట వద్దులెండి. కళ్ల గురించి చెప్పండి. దూరంగా ఉన్నవాళ్లు కనిపించకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

చెప్పకూడదనే అనుకుంది. కానీ ఆ మొహం చూస్తూ ఊరుకోలేకపోయింది. "చేతిలో ఉన్నదాన్ని శ్రద్ధగా చూస్తే దూరంగా ఉన్నవి వాటంతటవే మసకబారతాయి. అది కంటి స్వభావం," అంది.

అతను వెళ్లాకే ఆమెకు తట్టింది. సలహా ఇచ్చేసింది! పైగా మూడు రోజులకోసారి తలుపు వైపు చూడ్డం కూడా అలవాటైపోయింది. శనివారం అతని బంతి గీత అంచున పడితే? తన చెయ్యి జెండాను నిజాయితీగా ఎత్తుతుందా?

ఆ పూటే వాలీబాల్ సంఘం కార్యదర్శికి రెండు వాక్యాల ఉత్తరం రాసి ఈమెయిల్‌లో పంపింది. పొద్దున్నే ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఆ జట్టు మ్యాచ్‌లకు నిన్ను వెయ్యొద్దా? పదకొండో నంబరు ఆటగాడి మీద పక్షపాతం ఉందా? బెదిరించాడా?"

"లేదండి."

"ఏమన్నా ఇచ్చాడా?"

"లేదండి. తనే రెండు పెట్టెలు కొన్నాడు."

"మరి ఏ రకం పక్షపాతమమ్మా?"

ఆమె గోడమీది కంటి పరీక్ష అక్షరాల వైపు చూసి నెమ్మదిగా అంది. "ఆ రకమేనండి."

అవతల పెద్ద దగ్గు. "ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఈ కారణం మాత్రం ఇదే వినడం. సరేనమ్మా. టికెట్ పంపిస్తాను, కూర్చుని చూడు."

శనివారం ఆమె మొదటిసారి జనంలో కూర్చుంది. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. "ఆ పదకొండో నంబరు నా కొడుకే," అన్నారు అడక్కుండానే.

అతని మొదటి సర్వ్ నెట్‌లోకి పోయింది. తర్వాతవి అతి జాగ్రత్తగా, ఎవరైనా తీసుకునేలా పడ్డాయి. ఆఖరిదైన అయిదో సెట్ పదమూడు, పదమూడు దగ్గర ఆగింది, వరసగా రెండు పాయింట్లు వస్తే గెలుపే. బంతి మళ్లీ అతని చేతికొచ్చింది.

ఈసారి హాలంతా నిశ్శబ్దం. అరిస్తే ఏమవుతుందోనని ఊరందరికీ భయం పట్టుకుంది. ఆ నిశ్శబ్దం అరుపులకన్నా బరువుగా ఉంది. అతను తలెత్తాడు. మూడో వరస, నాలుగో వరస, ఒక్కో మొహం చూసుకుంటూ పోతున్నాడు.

రిఫరీ విజిల్ వేశాడు. సర్వ్ చెయ్యడానికి ఎనిమిది సెకన్లే.

లైన్ జడ్జిగా ఆరేళ్లలో ఏ హాల్లోనూ ఆమె గొంతెత్తి అరవలేదు. ఎలా లేచిందో తెలియదు, సీటు మీదే ఎక్కి నిలబడింది.

"ఏయ్ నిచ్చెనా! ముందు బంతిని చూడూ!"

గొంతు మధ్యలోనే పగిలి కీచుమంది. నాలుగు వేల తలలు తిరిగాయి. అతనూ తిరిగాడు. ఆమెను చూసి ముందు తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. చెవులదాకా ఎత్తిపెట్టుకున్న భుజాలు కిందకు దిగాయి. బంతిని చూశాడు. ఎగరేశాడు.

బంతి అవతలి మూలన, గీతకు జానెడు లోపల పడింది. కొత్త లైన్ జడ్జి జెండా నేలవైపు దిగింది. తర్వాతి సర్వ్‌ను అవతలివాళ్లు ఎటో కొట్టారు. హాలు దద్దరిల్లిపోయింది.

ఆ గోలలో పెద్దావిడ ఆమె మణికట్టు పట్టుకున్నారు. "ఇంతసేపూ నోట్లో నాలుక లేనట్టు కూర్చుని, నా కొడుకుని నిచ్చెన అంటావా? ఎవరమ్మా నువ్వు?"

"పోయిన మ్యాచ్‌లో అవుట్ ఇచ్చింది నేనేనండి."

ఆవిడ కళ్లు చిట్లించి చూశారు. "నిజంగానే అవుటా?"

"రెండు వేళ్లండి."

"నాకూ అలాగే కనిపించింది. తల్లిని కదమ్మా, అరవక తప్పుతుందా?"

అప్పటికే అతను వరసలు దాటుకుంటూ, చెమట కారుతూ వచ్చేశాడు. "మీరిక్కడున్నారేంటి? ఆ మూల నిలబడాలి కదా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. మీ జట్టు మ్యాచ్‌లకు రానని ఉత్తరం రాశాను."

అతని మొహం వాడిపోయింది. "ఆ రోజు నేను పోట్లాడాననా?"

"కాదు. పదకొండో నంబరు విషయంలో నాకు పక్షపాతం ఉందని."

అతను తల వంచి తన చొక్కా మీది నంబరు చదువుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"నాకు మీ మీద..." అని మొదలుపెట్టి ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ వీడియో చూసినప్పుడే. మొదటి మూడుసార్లే బంతిని చూశానండి. మిగతా పదమూడుసార్లు మిమ్మల్నే."

"ఒరేయ్, ముందు స్నానం చేసి రా," అన్నారు తల్లి. "ఆ చెమట మొహంతో పిల్ల ముందు ఎంతసేపు నిలబడతావు?"

అతను వెనక్కి తిరిగి చూస్తూ, ఓ కుర్చీని తన్నుకుంటూ వెళ్లాడు. ఆవిడ ఫోన్ తీసి, "ఊఁ, ఇప్పుడు చెప్పు. మీ అమ్మగారి నంబరెంత?" అన్నారు.

ఆమె చెబుదామని నోరు తెరిచింది. కేక వేసిన గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. సిగ్గుతో నవ్వి, ఒక్కో అంకెనూ వేళ్లతో చూపించింది.