ఇప్పపూల పాకం

"మీ సిరప్ నా పాలు విరగ్గొట్టిందండీ."

తలుపు తీసిన రోజారాణికి ముందు కనిపించింది ఒక స్టీలు ఫ్లాస్కు. దాని వెనక పొడుగాటి కుర్రాడు, చొక్కా మీద కాఫీ మరకలు. కోపంగా నిలబడాలని చూస్తున్నాడు గానీ మర్యాద అడ్డొస్తోంది.

"మీరెవరు సార్?"

"ఉదయ్ భాస్కర్. బ్రిడ్జి సెంటర్లో కొత్తగా కాఫీ షాప్ పెట్టాను. నిన్న మీ దగ్గర అల్లం యాలకుల సిరప్ తెప్పించుకున్నాను కదా? కస్టమర్ల ముందే వేడిపాలలో వేస్తే ఇదిగో!" మూత తీసి చూపించాడు. లోపల పాలు ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి.

"పాలు మంచియి గాకపోతే సిరప్ ఏం జేస్తది?"

"పొద్దున పిండిన పాలండీ!"

"గట్లనా? రండ్రి లోపలికి. మా ఇంట్ల పాలతోని చూద్దాం."

ఆమెకు తన సిరప్ మీద అంత నమ్మకం. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతూ, తోచక మొదలుపెట్టిన పని అది. చక్కెరా నీళ్ళూ మరిగించి, అందులో ఒకసారి దాల్చినచెక్క, ఒకసారి సుగంధిపాల వేరు, ఒకసారి అల్లం. భద్రాచలంలో, పాల్వంచలో నాలుగు షాపులవాళ్ళు అడిగి తీసుకుంటున్నారు. ఎవరూ ఇంతవరకు ఇంటిమీదికి రాలేదు.

గిన్నెలో పాలు కాగాయి. సిరప్ వేసింది. ఇద్దరూ వంగి చూశారు.

చూస్తుండగానే పాలు విరిగిపోయాయి.

"ఏమైంది బిడ్డా?" హాల్లోంచి ఆదినారాయణ కేకేశాడు. మణుగూరు గనుల్లో పనిచేసి రిటైరైన తండ్రి. ఆయన చెవులు బొగ్గు పేలుళ్ళకు సగం పోయాయని అందరూ అనుకుంటారు. కూతురికి మాత్రం నమ్మకం లేదు.

"ఏం లేదు బాపూ!" అని, గొంతు తగ్గించి, "నిమ్మరసం ఎక్కువ వడ్డట్టుంది. పాకం గడ్డ కట్టొద్దని పిండుత," అంది.

"ఎంత పిండారేంటి?"

"కొంచెమే. పులిహోరకు పిండినంత."

ఉదయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. రోజారాణికి ఒళ్ళు మండింది. "నవ్వుడు ఆపుతరా, ఇంకో సీసా ఇయ్యాల్నా వద్దా?" అంటూనే తనూ నవ్వేసింది.

అలా మొదలైంది.

ఆ తర్వాత సిరప్ రుచి చూడాలన్న వంకతో అతను వస్తూనే ఉన్నాడు. చెంచాతో నాకి, కళ్ళు మూసుకుని, పెద్ద తీర్పు చెప్పేవాడిలా తల ఊపేవాడు. "యాలకులు కొంచెం ముందుకొచ్చి అల్లాన్ని తోసేస్తున్నాయి," అనేవాడు. "కాఫీ తాగుడా, బస్సెక్కుడా?" అనేది ఆమె. 'అండీ' ఎప్పుడు పోయిందో, 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. వాన పడుతుంటే గొడుగు ఉండి కూడా లేదని చెప్పి అరగంట కూర్చునేవాడు. ఆ గొడుగు బండి పక్కన వేలాడటం కిటికీలోంచి కనబడేది. ఆమె చూసి కూడా కుర్చీ వేసేది.

అతనివాళ్ళది అశ్వారావుపేట. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పామాయిల్ తోటలు. తండ్రి చెంచురామయ్యకు కొడుకు తోట చూసుకోవాలని. ఈ వానాకాలం వరకు షాపు నడిపి చూడమని, తర్వాత ఇంటికి వచ్చేయాలని ఒప్పందం. ఆ మాట ఉదయ్ నవ్వుతూ చెప్పినప్పుడు రోజారాణి నవ్వలేకపోయింది.

వానాకాలం సగమయ్యాక ఒక సాయంత్రం ఇప్పపువ్వు సిరప్ దగ్గర గొడవొచ్చింది.

"రేపు మా అమ్మ వస్తోంది," అన్నాడు ఉదయ్. "షాపు చూసి నాన్నకు చెప్తుంది. ఇంకెక్కడా దొరకని కాఫీ ఆమె చేతికివ్వాలి. కానీ ఈ ఇప్పపువ్వు ముక్కవాసన వస్తోంది రోజా."

"బజార్ల దొరికిన ఎండుపువ్వు గదే."

"ఇంకోటి కూడా ఉంది." అతను చెంచా వైపే చూస్తున్నాడు. "సత్తుపల్లి సంబంధం ఒకటి చూశారట. ఫొటో తెస్తోంది."

ఆమె వడకట్టే గుడ్డను గట్టిగా పిండింది.

"మంచిగుంటే చేస్కో మరి."

"నువ్వేమంటావు?"

"నేనేమంట? సిరప్ సప్లై చేసేదాన్ని."

"అంతేనా?"

"అంతే. ఇంక మంచి పువ్వు గావాల్నంటే చర్ల సంతకు పొయ్యి తెచ్చుకో. ఈడ గూసొని వంకలు వెట్టుడు అల్కనే."

అతను లేచి వెళ్ళిపోయాడు. గొడుగు వేసుకునే వెళ్ళాడు.

తెల్లారేసరికి ఫోన్లో ఒక మెసేజ్. 'చర్ల పోతున్నా. మంచి పువ్వుతోనే వస్తా.'

బయట వాన కుండపోతగా పడుతోంది. రోజారాణి వెంటనే ఫోన్ చేసింది. రింగయింది, ఎత్తలేదు. పది దాటాక చేస్తే స్విచాఫ్.

టీవీలో చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టు గేట్లు ఎత్తేశారని చెబుతున్నారు. చర్ల దారిలో దుమ్ముగూడెం దాటాక వాగు రోడ్డెక్కిందట. ఇక్కడ భద్రాచలంలో గోదావరి కూడా పెరుగుతోంది. వీధిలో ఆటోకి మైకు కట్టి, మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందని, ఎవరూ వాగులు దాటొద్దని చెప్పుకుంటూ పోతున్నారు.

"గీ వానల ఎవడు వోతడు బిడ్డా వాగు దాటనీకి!" అన్నాడు ఆదినారాయణ.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

ఊరికే ఉండలేక పొయ్యి వెలిగించి చక్కెర, నీళ్ళు పెట్టింది. కలుపుతూ ఫోన్ చూసింది. ఫోన్ చూస్తూ కలపడం మర్చిపోయింది. కరెంటు పోయింది. టీవీ మూగపోయేసరికి వాన చప్పుడు ఇల్లంతా నిండింది.

అప్పుడే తలుపు చప్పుడైంది. పరుగెత్తింది.

గుమ్మంలో ఉదయ్ కాదు. పట్టుచీర అంచు మోకాలిదాకా తడిసిన ఒకావిడ, చేతిలో సంచీ.

"సిరప్ అమ్మాయివి నువ్వేనా? నేను సుశీలమ్మని. ఉదయ్ వాళ్ళ అమ్మని. షాపుకి తాళం వేసుంది. పక్కన పండ్ల కొట్టాయన్ని అడిగితే 'సిరప్ అమ్మాయికే తెలుస్తుంది' అన్నాడు. ఊరంతా తెలిసినట్టే ఉంది, నాకే తెలీలేదు. మావాడెక్కడమ్మా?"

రోజారాణి అబద్ధం వెతికింది. దొరకలేదు.

"చర్ల పోయిండు ఆంటీ. నేనే పొమ్మన్న."

సుశీలమ్మ మొహంలో రంగు పోయింది. "ఈ వానలోనా? ఫోను?"

"కలుస్తలేదు."

ఆదినారాయణ లేచి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. వంటింట్లోంచి వాసన పట్టింది.

"ఏదో మాడుతోంది చూడు!"

ఇద్దరూ లోపలికి పరుగెత్తారు. గిన్నెలో చక్కెర నల్లగా బుడగలు కడుతోంది. సుశీలమ్మ కొంగుతో గిన్నె పట్టి దించేసింది.

"ఇంకో గిన్నె తియ్యి. మళ్ళీ పెడదాం. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

ఒకరు కలుపుతుంటే ఒకరు యాలకులు దంచారు. ఇద్దరి కళ్ళూ ఫోన్ల మీదే ఉన్నాయి.

"తీగ పాకం వచ్చాక దించుతావా?"

"తీగ రాకముందే ఆంటీ. లేకపోతే సీసాల గడ్డ కడ్తది."

"అరిసెల పాకం పట్టీ పట్టీ ముసలిదాన్నయ్యాను, నాకు చెబుతావా?" అంటూనే ఆవిడ ముందే దించింది. తర్వాత అడిగింది. "ఎందుకమ్మా వాణ్ణి పంపావు?"

"కోపంల అన్న. పోతడనుకోలే."

"దేనికంత కోపం?"

రోజారాణి రోకలి ఆపింది. "మీరు సత్తుపల్లి సంబంధం చూసిండ్రని చెప్పిండు."

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. అతనికి చెప్పని మాట అతని తల్లికి చెప్పేసింది. అదీ టీవీ మూగపోయిన ఇంట్లో, తండ్రి గోడవతల కూర్చుని ఉండగా! హాల్లో కుర్చీ కిర్రుమంది.

సుశీలమ్మ గరిటె పక్కన పెట్టింది.

"వాడికి తెలుసా?"

"తెల్వదు." కన్నీళ్ళు ఆగలేదు. "నేను చెప్పలే ఆంటీ. మీకు తోటలున్నయి, మాది బొగ్గుబాయి బతుకు. ఎట్ల చెప్త? ఇప్పుడు ఆయన మంచిగొస్తే చాలు. ఇంకేం వద్దు నాకు."

సుశీలమ్మ సంచీ విప్పింది. ఫొటో తీస్తుందని రోజారాణి మొహం పక్కకు తిప్పుకుంది. ఆవిడ తీసింది తువ్వాలు.

"కళ్ళు తుడుచుకో. పాకంలో పడితే ఉప్పగా అవుతుంది," అంది. తనూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నం దాటాక సుశీలమ్మ ఇంటికి ఫోన్ చేసి, కొడుకు జాడ లేదని భర్తకు చెప్పింది. ఆదినారాయణ గొడుగేసుకుని రెండుసార్లు రోడ్డుదాకా వెళ్ళొచ్చాడు. చర్ల వైపు నుంచి బస్సులు రావడం లేదట. ఎవడో బండివాడు వాగులో కొట్టుకుపోయాడని సెంటర్లో అంటున్నారట. ఆ మాట ఆయన కూతురికి చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది.

రోజారాణి గడపమీద కూలబడింది. సుశీలమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా వీధి చివర ఒక ట్రాక్టర్ ఆగింది. తొట్టిలోంచి ఒక బండిని దించారు. దాని వెనకే ఒంటినిండా బురదతో, కుంటుకుంటూ ఒక మనిషి.

సుశీలమ్మ అప్పుడే రాములవారికి దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గడప దగ్గర రోజారాణి ఒక్కతే ఉంది.

"పువ్వు తేలేదు రోజా," అన్నాడు ఉదయ్. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "మంచి పువ్వే కొన్నా. వాగు దగ్గర బండి జారింది. సంచీ పోయింది, ఫోన్ తడిసి చచ్చింది. అక్కడి ఊరివాళ్ళు లాగి ఒడ్డున పడేశారు. నీళ్ళలో ఉన్నప్పుడు నాకు షాపు గుర్తురాలేదు, తోట గుర్తురాలేదు. నీకు చెప్పకుండానే పోతానేమోనని ఒకటే భయం."

"ఏం చెప్పకుంట?"

"గొడుగు ఉండి కూడా లేదని చెప్పేది ఎందుకో."

రోజారాణి ఏడుస్తూనే అతని భుజం మీద ఒక్కటి వేసింది. "నాకెరుక లేదా? కిటికీలకెల్లి కనబడ్తనే ఉంటది!"

"మరి ఆ సంబంధం వద్దని మా అమ్మకు చెప్పేస్తా. ఒప్పుకోకపోతే..."

"ఒప్పుకోకపోతే ఏం చేస్తావురా?"

ఉదయ్ తలెత్తాడు. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఇంకా అగ్గిపెట్టె ఉంది. ఆవిడ ముందు వీపుమీద గట్టిగా చరిచింది. తర్వాత ఆ బురద ఒంటినే వాటేసుకుని భోరుమంది.

ఇంట్లోకి వచ్చాక వేడి కాఫీలో అప్పుడు కాచిన సిరప్ కలిపి అతని చేతికిచ్చారు. ఒక గుక్క తాగాడు. చలికి పెదవులు నల్లబడినా అలవాటు పోలేదు, కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరు చేశారిది?"

"ఎందుకు, బాగలేదా?" ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అడిగారు.

అంతలో సుశీలమ్మ ఫోన్ మోగింది. అశ్వారావుపేట నుంచి చెంచురామయ్య. ఆయన గొంతు గదంతా వినబడుతోంది. "వాడు దొరికాడా? బానే ఉన్నాడా? తోటకి వస్తాడా రాడా?"

రోజారాణి గోడకు ఆనుకుంది.

"బానే ఉన్నాడు," అంది సుశీలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "వాడు రాడండీ. మనమే ఇక్కడికి రావాలి. సత్తుపల్లి వాళ్ళకి వద్దని చెప్పేయండి. వానలు తగ్గగానే మీరూ నేనూ పసుపు కుంకుమ పట్టుకుని వద్దాం."

అవతల చెంచురామయ్య గొంతు పెరిగింది. ఎవరు, ఏమిటి, ఎవరినడిగి అన్న ప్రశ్నలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. సుశీలమ్మ తడబడింది. ఉదయ్ గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

అంతవరకూ ఏమీ విననట్టు కూర్చున్న ఆదినారాయణ గొంతు సవరించుకుని చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇట్లియ్యి చెల్లే. బావగారితోని నేను మాట్లాడ్త."