రెండు వేల దగ్గర పట్టు

రాత్రంతా చల్లారిన ఇంజన్ పొద్దున్నే మొదటిసారి ఎలా లేస్తుందో చూసి సరిచెయ్యాలంటే రోజుకి ఒక్కటే అవకాశం. ఒకసారి స్టార్ట్ చేస్తే వేడెక్కిపోతుంది, మళ్ళీ మర్నాటిదాకా ఆగాల్సిందే. అందుకే అతను ఇంకా చీకటి విడవకముందే షెడ్డుకి వచ్చాడు. లోకమంతా ముసుగుతన్ని పడుకున్న వేళ పనికి బయల్దేరడం అతనికి కొత్త కాదు. ఒక్కడే రావడం మాత్రం కొత్త.

షెడ్డులో ఉన్నది బావ కారు. పొడుగాటి ముక్కు, లావుపాటి వెనక చక్రాలు, బానెట్‌లో పట్టక బయటికి పొడుచుకొచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్. పాత కార్బ్యురేటర్ పీకేసి బావా బావమరుదులిద్దరూ దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగించారు. అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు పొయ్యాలో ఒక చిన్న కంప్యూటర్ చూసుకుంటుందన్నమాట. కానీ దానికి ముందు ఎవరో ఒకరు లెక్క నేర్పాలి. లాప్‌టాప్‌లో గళ్ళ పట్టిక ఉంటుంది, ఒక్కో గడిలో ఒక అంకె. ఆ అంకెలు దిద్దడమే అతని వృత్తి.

అది ఇద్దరు చేసే పని. పక్క సీట్లో లాప్‌టాప్‌తో అతను, స్టీరింగ్ ముందు బావ. "రెండు వేలు" అని అతనంటే, బావ పెడల్ తొక్కి ఇంజన్ వేగం చూపే ముల్లుని రెండు వేల దగ్గర మేకు కొట్టినట్టు ఆపేవాడు. "పట్టాను, కానివ్వు" అనేవాడు. అంకె దిద్ది అతను "సరే" అనేదాకా ఆ కాలు కదిలేది కాదు, దోమ కుట్టినా, తుమ్మొచ్చినా. "మీ అక్క మాటకంటే నీ మాటే ఎక్కువ వింటున్నానురా, ఇంట్లో తెలిస్తే నాకు కూడూ నీళ్ళూ ఉండవు" అని నవ్వేవాడు.

దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు పెద్దలు. పాపం, వాళ్ళకి ఇతని సంగతి తెలీదు.

ఏడాది కిందట ఇలాంటి చలి పొద్దునే జరిగింది. ఇంజన్ ఆడేటప్పుడు షెడ్డు షట్టర్ పూర్తిగా ఎత్తి ఉండాలి. ఆ పొగలో మనిషిని చంపేదానికి వాసన కూడా ఉండదు. అది ఈ పనిలో మొదటి పాఠం. కానీ ఆరోజు అతని వేళ్ళు కొంకర్లు పోయాయి. ఐదు నిమిషాలే కదా అని తనే షట్టర్ కిందికి లాగాడు. అంతలో లాప్‌టాప్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది.

"చార్జర్ తెస్తా బావా. రెండు వేల దగ్గర పట్టు. నేనొచ్చి సరే అనేదాకా వదలకు."

బయటికొచ్చి షట్టర్ మళ్ళీ దించాడు. దారిలో పాత స్నేహితుడు కలిశాడు. మాటల్లో అరగంట గడిచింది. తిరిగొచ్చేసరికి షట్టర్ వెనక ఇంజన్ ఒకే శ్రుతిలో మోగుతోంది. ముల్లు రెండు వేల దగ్గరే ఉంది. బావ కాలు పెడల్ మీదే ఉంది.

"నేను వచ్చేసరికి షట్టర్ దించి ఉందక్కా" అని మాత్రం అన్నాడు. అక్క మిగతాది తనే ఊహించుకుంది. అప్పట్నుంచి కనపడినవాళ్ళందరితో, పిల్లలు వింటుండగానే, ఆయన చేజేతులా ప్రాణం తీసుకున్నాడని చెబుతోంది. అతను నోరు మెదపలేదు. అక్క ముందు కూర్చోలేక ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించాడు, ఆ తర్వాత మానేశాడు. ఏడాదిగా ఒక్కడే వండుకుని ఒక్కడే తింటున్నాడు. కొన్ని రోజులు తన గొంతు తనకే వినపడకుండా గడిచిపోయేవి. బావ లేని లోటు అతనికి కడుపులో ఆకలిలా తెలిసేది.

ఇప్పుడు అక్క కారు అమ్మేస్తోంది. కొనేవాడు తొమ్మిదింటికి వస్తాడు. నడిచేలా చేసిపెట్టమని కబురంపింది.

అతను షట్టర్ పైదాకా ఎత్తాడు. అది జారకుండా కొక్కెం తగిలించాడు, రెండుసార్లు లాగి చూశాడు. తాళం తిప్పితే ఇంజన్ దగ్గి, తుమ్మి, లేచింది. లాప్‌టాప్ పట్టుకుని అలవాటుకొద్దీ పక్క సీట్లో కూర్చున్నాడు. పెడల్ నొక్కి పట్టడానికి తెచ్చిన చెక్కముక్క ఒళ్ళోనే ఉంది. అది పెట్టాలన్న ఆలోచన రాకముందే నోరు జారింది.

"రెండు వేలు."

ఇంజన్ గొంతు పెంచింది. ముల్లు లేచి రెండు వేల దగ్గర ఆగింది.

స్క్రీన్ మీద చూశాడు. పెడల్: పద్దెనిమిది శాతం. స్టీరింగ్ ముందు సీటు ఖాళీ. కింద పెడల్ మాత్రం లోపలికి నొక్కుకుని ఉంది...

పరిగెత్తాల్సిన మనిషి పరిగెత్తలేదు. ఏడాది తర్వాత పక్కన ఒకరున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బావా?"

సీటు స్ప్రింగు కిర్రుమంది. చెవి పక్కన చల్లటి గాలి తగిలింది.

"పట్టాను... కానివ్వు."

అంకె దిద్దాడు. "సరే" అన్నాడు.

కాలు వదల్లేదు.

"సరే బావా... వదులు."

ముల్లు కదల్లేదు. వెనక ఎక్కడో ఇనుము కీచుమంది. ఒక పలక... ఆగింది. ఇంకో పలక... తల తిప్పి చూశాడు. షట్టర్ దిగుతోంది. కొక్కెం తగిలించినట్టే ఉంది. షట్టర్ దిగుతూనే ఉంది.

తాళం తిప్పాడు. ఇంజన్ ఆగలేదు. తలుపు తోశాడు. రాలేదు. భుజంతో గుద్దాడు. రాలేదు. బయటి వెలుగు జానెడంత... గీతంత... పోయింది.

పొగ. కణతలు పోటెత్తాయి. కాళ్ళలో సత్తువ జారిపోతోంది. నిద్ర వస్తోంది... హాయిగా.

"బావా, చచ్చిపోతాను..."

రెండు వేలు. అటూ లేదు, ఇటూ లేదు.

"నేనే!" అని అరిచాడు. అరుపు గుసగుసలా వచ్చింది. "షట్టర్ దించింది నేనే. నీ తప్పేం లేదు... అక్కకి చెప్తాను. ఈరోజే చెప్తాను. ఒట్టు."

ముల్లు ఒక్కసారి వణికింది. నెమ్మదిగా పడిపోయింది. ఇంజన్ ఆగింది.

తలుపు దానంతటదే తెరుచుకుంది. తూలుతూ వెళ్ళి షట్టర్ ఎత్తి, లాప్‌టాప్ చంకనే పెట్టుకుని రోడ్డు అవతలిదాకా వెళ్ళి కూలబడ్డాడు. లాప్‌టాప్‌ని కారుకి కలిపే కేబుల్ ఎప్పుడు ఊడిందో, దాని కొన నేలమీద పడి ఉంది. తెల్లవారింది. పాలవాడు సైకిల్ మీద వెళుతూ వింతగా చూశాడు. బతికి ఉండడం ఎంత బాగుందో అనుకున్నాడతను.

ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, స్టార్టయిందా?"

"అయిందక్కా."

"హమ్మయ్య. ఆ కారు పీడ వదిలితే చాలు. నిన్న చిన్నాడు అడిగాడురా, నాన్నకి మేమంటే ఇష్టం లేకే షట్టర్ దించుకున్నాడా అని. ఏం చెప్పను?" అక్క ముక్కు చీదింది. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. నీకంటే నాకెవరున్నారు? ఇవాళ భోజనానికి రా. ఎన్నాళ్ళయిందిరా నువ్వొచ్చి!"

చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ ఇల్లు, ఆ పిల్లలు, కంచం ముందు కూర్చోబెట్టే ఆ పిలుపు కళ్ళముందు కదిలాయి. చెబితే అవన్నీ పోతాయి. పొగ తలకెక్కి ఏదో భ్రమపడ్డాను, అంతే అనుకున్నాడు.

"వస్తానక్కా" అన్నాడు. "బావ... మొదట్నుంచీ కాస్త అజాగ్రత్త మనిషే. చిన్నాడికి అలాగే చెప్పు."

ఫోన్ జేబులో పెట్టి, లాప్‌టాప్ మూయబోయాడు. కారు రోడ్డుకి అవతల, చీకటి షెడ్డులో చప్పుడు లేకుండా ఉంది. కేబుల్ నేలమీదే ఉంది. స్క్రీన్ మీద ఇంజన్ వేగం సున్నా. పెడల్ సున్నా.

పెడల్ నాలుగు అయింది.

పదకొండు...

పద్దెనిమిది. అక్కడ ఆగింది.

ఆరుబయట, అంత గాలిలో, పొగ వాసన వేసింది.

"సరే బావా" అన్నాడు అతను. "సరే... సరే..."

అంకె కదల్లేదు.