ఏడో పేపరులో మధ్యాహ్న భోజనం

మదరాసులో రైలెక్కేటప్పుడు ఏజెంట్ ఖాసిం సాహెబ్ చేతిలో ఉన్న సరుకు ఇది: దొంగ గుండెజబ్బు ఒకటి, చంకలో పెట్టుకోవడానికి రబ్బరు బంతి ఒకటి, డాక్టర్ బసవరాజు అచ్చు వేయించిన పరిశోధన పేపర్లు ఏడు. గడువు ఒక్క రోజు. అది 1943 సెప్టెంబరు.

బ్రీఫింగ్‌లో కల్నల్ చెప్పింది కొంచెమే.

"కర్నూల్లో సొంత క్లినిక్. రక్తహీనత, గుండె బలహీనతల మీద ఐదు నెలల్లో ఏడు పేపర్లు. అన్నీ పోర్చుగీసు గోవా పత్రికలోనే. పేపరు అచ్చుకు పోయాక, పట్టికలో సవరణలంటూ తంతి కొడతాడు. పేరున్న పరిశోధకుడని సెన్సార్ వదిలేస్తోంది. తంతి పోయిన ప్రతిసారీ శత్రువు చేతిలో మన ఓడ ఒకటి మునుగుతోంది."

"కర్నూల్లో కూర్చున్నవాడికి ఓడల సంగతి ఎలా తెలుస్తుంది?"

"ద్రోణాచలం జంక్షన్‌లో సిపాయిల రైళ్లు లెక్కపెట్టే మనుషులున్నారు. రేపు రాత్రి తొమ్మిది వందల మందితో ఓడ మదరాసు వదులుతుంది. కర్నూల్లో ఆఖరి తంతి సాయంత్రం నాలుగింటికి. అది పోకూడదు. అక్కడి నర్సు కృపమణి మన మనిషి." కల్నల్ ఫైలు మూశాడు. "వాళ్ల మనిషి కూడా."

మర్నాడు మధ్యాహ్నం నందికొట్కూరు వేరుశనగ వ్యాపారి వేషంలో ఖాసిం రొమ్ము పట్టుకుని క్లినిక్ మెట్లెక్కాడు. ఎదురొచ్చిన నర్సు పట్టుచీర మీద తెల్ల ఏప్రన్ కట్టుకుని ఉంది. సెంటు వాసన ఆమెకన్నా ముందే వచ్చింది.

"కోయిలకుంట్లలో వాన పడిందా సిస్టర్?"

"తుంపర పడిండాది. దుమ్ము అణగలేదు."

కోడ్ కుదిరింది. డాక్టర్ బసవరాజు మణికట్టు పట్టుకోగానే ఖాసిం చంకలోని బంతిని నొక్కాడు. నాడి ఆగిపోయింది. డాక్టర్ తలూపి, స్టెతస్కోపు రొమ్ము మీద పెట్టాడు.

"ఏమప్పా సాహెబూ, చేతిలో చచ్చిపోయి రొమ్ములో బతికుండావే?"

రెండు నిమిషాల్లో ఖాసిం మంచానికి తోలు పట్టీలతో బిగిసి ఉన్నాడు. కిటికీకి ఊచలు. తలుపుకు కృపమణి లోపలి నుంచి తాళం వేసింది. తరువాత ఆమే అతని ముక్కు పట్టుకుని గొంతులో మందు పోసింది.

"డిజిటాలిస్," అన్నాడు డాక్టర్. "సాయంత్రానికి నీ గుండె ఆగుతాది. నా ఎనిమిదో పేపరుకు నువ్వే మొదటి కేసు."

గోడ గడియారం మూడు కావస్తోంది. డాక్టర్ తంతి ఫారం ముందేసుకుని, తన రాతను తానే మెచ్చుకుంటూ పైకి చదివాడు.

"ఏడో పేపరు పట్టికకు సవరణ, రోగులు ఇరవై ముగ్గురు. హజరత్ వలి, పేష్ ఇమాం, కోయిలకుంట్ల. హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ నాలుగు. నాడి నూటపన్నెండు. సెప్టెంబరు పది, అందరికీ మధ్యాహ్న భోజనం తరువాత తీసిన రక్తం..."

ఖాసింకు కదిలేది నాలుక ఒక్కటే. వ్యాపారికి అది చాలు.

"డాక్టరప్పా, సరుకులో పురుగుండాది."

"ఏం పురుగు?"

"ఇది రంజాన్ నెల. మసీదులో నమాజు చదివించే పేష్ ఇమాం మిట్టమధ్యాహ్నం అన్నం తిన్నాడా? జబ్బుతో ఒకడు రోజా ఉపవాసం వదిలినాడనుకో. నీ ఇరవై ముగ్గురు సాహెబులూ తిన్నారా?"

కలం ఆగింది.

"బొంబాయి సెన్సార్‌లో కొత్తగా కూచున్నాయన కూడా సాహెబే," అని ఖాసిం అబద్ధం కలిపాడు. "ఇది చూస్తే నీ ఏడు పేపర్లూ బోగస్ అంటాడు. తంతీ పోదు, పేరూ ఉండదు."

తంతి మాట కన్నా పేరు మాట డాక్టర్‌కు లోతుగా తగిలింది. భోజనం మాట కొట్టేద్దామంటే ఓడ బయలుదేరే వేళ ఆ మాటల్లోనే దాగుంది. పేర్లు మారిస్తే పేరుపేరుకూ సంకేతం మళ్లీ కట్టాలి. కోడ్ పుస్తకం తెరిచి, పైకి అనుకుంటూ అదే మొదలుపెట్టాడు. హజరత్ వలి దాసన్న అయ్యాడు, మౌలా సాహెబ్ ఏసురాజు అయ్యాడు.

"దాసన్నను పేష్ ఇమాం చేసినావే," అన్నాడు ఖాసిం మంచం మీద నుంచి.

డాక్టర్ పళ్లు కొరికి ఫారం చింపి, ఇంకొకటి తీశాడు.

అది ముగిసేసరికి నాలుగుకు ఆరు నిమిషాలు. తంతి ఆఫీసు పక్క వీధే. డాక్టర్ తలుపు దగ్గరికి ఉరికాడు.

"తాళంచెవి యాడ?"

"నా కాడ." కృపమణి చేతిలో చిన్న పిస్తోలు ఉంది. "కూచో డాక్టరూ. శానా రాసినావు, అలసిపోయింటావు."

గడియారం నాలుగు కొట్టేదాకా ఆ గదిలో ఎవరూ కదలలేదు.

పట్టీలు విప్పుతుంటే ఖాసిం అడిగాడు. "ఇంతసేపూ ఎవరి పక్క ఉంటివమ్మా?"

"గెలిచేటోళ్ల పక్క, అన్నా. ఎవరనేది ఇప్పుడే తెలిసింది."

"మరి ఆ మందు?"

"చక్కెర నీళ్లు. నేను ఏ పక్కకు దూకాలన్నా నువ్వు బతికుండాల గదా?"

ఓడ క్షేమంగా చేరింది. బసవరాజు పేపర్లు ఏడు దగ్గరే ఆగిపోయాయి. కల్నల్‌కు పంపిన రిపోర్టులో వచ్చిన లాభం కింద ఖాసిం తొమ్మిది వందల ప్రాణాలు, తనది ఒకటి అని రాశాడు. నష్టం కింద ఒకటే పద్దు.

"చక్కెర నీళ్ల వల్ల చెడిన నా రోజా ఒకటి. పండగ వెళ్లాక నేనే ఉండి తీర్చుకుంటాను. సర్కారు తీర్చలేదు."