సిమెంటు కింద ఏడుపు

మదనపల్లె దాటినాక, రామసముద్రం రోడ్డు పక్కన ఒక చిన్న పార్కు ఉంది. పొద్దు గూకితే అక్కడ ఎవరూ బండి ఆపరు. చంటిబిడ్డ ఏడుపు వినపడుతుందట... మనిషి మాత్రం కనపడడట.

పోయిన వేసవి దాకా ఈ మాట లేదు. కుసుమ అనే శిల్పి అక్కడ ఒక రాతిబొమ్మ నిలబెట్టింది — బిడ్డకు పాలిస్తున్న తల్లి. రొమ్ము మీద గుడ్డ లేదు. అంతే, మునిరాజకు ఒళ్లు మండింది. ఆ పక్క యువజన సంఘానికి అతనే పెద్ద.

"ఆడోళ్లు తిరిగే దోవలో ఇదేం బొమ్మ? సిగ్గుండాదా?" అని ఎగిరాడు. చీర చుట్టించాడు. గాలికి ఊడిపోయింది. ఆఖరికి తనే తాపీ పట్టుకుని బొమ్మ ఎదకు సిమెంటు మెత్తాడు. కుసుమ అడ్డం పడింది.

"బిడ్డ మొగం గూడా పూడ్చేస్తాండావప్పా!"

"పూడనీ!"

పైన టార్పాలిన్ పట్ట కట్టేశాడు. ఆ వారంలోనే ఏడుపు మాట పుట్టింది.

మునిరాజ నమ్మలేదు. కుసుమే ఫోనేదో దాచిపెట్టి జనాన్ని బెదరగొడుతోందని అతని అనుమానం. ఎట్లైనా పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలని, ఒక ముసురు సాయంత్రం ఒక్కడే బయల్దేరాడు.

కరెంటు లేదు. బండి ఆపాడో లేదో... వినపడింది. సన్నగా, గుక్కపట్టి.

పట్ట కదిలింది.

ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా కోపం ముందుకు తోసింది — పట్టను ఒక్క గుంజు గుంజాడు.

బొమ్మ పాదాల దగ్గర ఒక ఆడమనిషి! ఒళ్లో బిడ్డ...

"ఎ... ఎవరు నువ్వు?"

"కురబలకోట పూలమ్మనప్పా. మాయన గొర్రెల్ని తోలుకుని ముందర పోయినాడు. వాన పట్టింది, ఈడ దూరినా. బిడ్డకు పాలిస్తాండా, అట్ల తిరుక్కో."

భయం దిగింది. దాని చోట్లో మళ్లీ మంట. "ఇదేమన్నా నీ ఇల్లా? లెయ్! ముందు ఆ బిడ్డ నోరు మూయించు!"

పూలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"నా బిడ్డ నోట్లో పాలుండాయి. యాడ ఏడుస్తాండాడు?"

ఏడుపు ఆగలేదు.

"నేనొచ్చినప్పట్నుంచీ ఇంతే," గొంతు తగ్గించి అంది. "పైనుంచి వస్తాండాది..."

మునిరాజ సెల్లు వెలుగు పైకెత్తాడు. రాతిబిడ్డ మొహం సగం సిమెంటులో కూరుకుపోయి ఉంది. చెవి ఆనించాడు... లోపల్నుంచే.

"ఇంకా ఏం సూస్తాండావు?" పూలమ్మ కసిరింది. "తియ్యప్పా!"

బండి తాళంచెవితో గీకాడు. గోళ్లతో పీకాడు. వేళ్లు చిట్లి రక్తం కారుతుంటే, రాతిబిడ్డ నోటి మీది పెచ్చు ఊడి కింద పడింది.

ఏడుపు ఠక్కున ఆగింది.

ఆ నిశ్శబ్దంలో... గుటక. ఇంకో గుటక.

మునిరాజ మెల్లగా పూలమ్మ వైపు తిరిగాడు. ఆమె బిడ్డ రొమ్ము వదిలేసి, ఎప్పుడో నిద్రపోయాడు.