ఊపిరి గేటు దగ్గర చెంగల్రాయుడు

విమానాశ్రయంలో గేటు ముందు నిలబడి చెంగల్రాయుడు గొట్టంలోకి ఊదాడు. ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ ఎరుపే.

గంటల తరబడి మూసి ఉండే విమానంలో ఒక్కరికి క్షయ ఉన్నా పక్క సీట్లవాళ్ళకు అంటుకోవచ్చు. అందుకే ఆ కాలంలో దూరప్రయాణాలకు టికెట్టుతోపాటు ఊపిరి కూడా చూపించాలి. రోగుల ఊపిరి పట్టి పట్టి ఈ యంత్రానికి జబ్బు ఆనవాలు నేర్పింది డాక్టర్ హైమావతి. ఆ ఊపిరి ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు ఈ నాదస్వర విద్వాంసుడే. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె అడిగినప్పుడల్లా ఊదాడు. మందులు పూర్తిగా వాడాడు, జబ్బు నయమైంది. ఇప్పుడు సిడ్నీలో కచేరీ. పుట్టి బుద్ధెరిగాక అతనికి వచ్చిన మొదటి విదేశీ పిలుపు.

యంత్రాన్ని అక్కడివాళ్ళకు అమ్మడానికి హైమావతి కూడా అదే విమానానికి వచ్చింది. ఆమెను చూడగానే అతనికి ప్రాణం లేచివచ్చింది.

"ఏందమ్మా ఇది? నయమైందని మీరే చెప్తిరి గదా!"

ఆమె అతన్ని పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "నయమైంది, అనుమానం లేదు. మిగతా రోగులు దగ్గుతో సరిగ్గా ఊదలేకపోయారు. పనికొచ్చిన ఊపిర్లన్నీ మీవే. ఇది జబ్బును కాదు, మీ పొడుగాటి దమ్మును గుర్తుపెట్టుకున్నట్టుంది."

"అయితే ఆ మాటే ఆ గేటుకాడి సారుకు చెప్పండి."

"చెబితే గేట్లన్నీ పీకేస్తారు. ఈసారికి సర్దుకోండి చెంగల్రాయుడుగారూ."

"అడిగినప్పుడల్లా ఊపిరిచ్చినానే తల్లీ. ఒక్క మాట మీరియ్యలేరా?"

ఆమె తిన్నగా గేటు అధికారి దగ్గరికి వెళ్ళి, "యంత్రం చెప్పిందే ఖాయం" అంది. నమ్మినవాడి గొంతు కోయడానికి కత్తే కావాలా? చెంగల్రాయుడు వాద్యం సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

అతని సీటు హైమావతి పక్కదే, దారిలో కబుర్లు చెప్పుకుందామని ఆమే అడిగి వేయించింది. అది వెయిటింగ్ లిస్టులో ఉన్న ఒకాయనకు దొరికింది. చిక్కి సగమైన మనిషి. దగ్గు ఆపుకుంటూ గొట్టంలోకి రెండు పొట్టి ఊపిర్లు వదిలాడు. పచ్చలైటు వెలిగింది.

విమానం లేచింది. ఆయన వదలకుండా దగ్గుతున్నాడు, రుమాలు మీద ఎర్రటి మరక. సీటు మార్చమంటే ఎందుకని అడుగుతారు. ఆమె ఏమని చెబుతుంది?

"గేటు మీద మీ ఫోటో చూశానండీ," అన్నాడాయన సంతోషంగా. "నెలల తరబడి ఈ దగ్గు, క్షయేమోనని హడలి చచ్చాను. మీ యంత్రం కాదని తేల్చేసింది. ఇంక డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు."

హైమావతి మొహం కిటికీవైపు తిప్పుకుని ఊపిరి బిగబట్టింది. సిడ్నీ ఇంకా చాలా దూరం.