లామ్‌ని ఎవరు ఎత్తుకోవాలి

మధ్యాహ్నం బడి నుంచి లవీనియా ఒక్కతే రాలేదు. వెనకాల స్నేహితురాలు బ్యాంకాని కూడా తీసుకొచ్చింది. కొత్త తమ్ముణ్ణి చూపిస్తానని క్లాసులో అందరికీ మాటిచ్చింది. బ్యాంకా ఉండేది పక్కింట్లోనే కాబట్టి ముందు తనకి చూపించాలనుకుంది.

అమ్మ తలుపు తీసి ఇద్దర్నీ చూసింది. బ్యాంకాని గుమ్మంలోనే పలకరించి, ఇంకొన్నాళ్లు ఆగి రమ్మని మెల్లగా చెప్పి పంపేసింది. లవీనియాకి తల కొట్టేసినట్టయింది.

తమ్ముడు లామ్ ఇంటికి వచ్చి మూడు వారాలైంది. వాడికి రెండేళ్లు. వియత్నాంలో ఒక అనాథాశ్రమంలో పెరిగాడు. అమ్మా నాన్నా విమానంలో వెళ్లి, నెల రోజులు అక్కడే ఉండి, కాగితాల పనులన్నీ పూర్తి చేసుకుని వాడిని ఇటలీకి, తమ ఊరు కియోజ్జాకి తీసుకొచ్చారు.

తమ్ముడి కోసం లవీనియా మూడేళ్లు ఎదురుచూసింది. తన గదిలో సగం ఖాళీ చేసింది. వియత్నాం భాషలో పది మాటలు నేర్చుకుంది. తీరా వాడు వచ్చాక ఇంట్లో ఒక రూలు పెట్టారు. వాడికి తినిపించేది, ఎత్తుకునేది, స్నానం చేయించేది, నిద్రపుచ్చేది అమ్మా నాన్నే. ఇంకెవరూ చేయకూడదు. అక్క కూడా, నాయనమ్మ నీవెస్ కూడా.

దత్తత ఆఫీసు ఆవిడ ఆ మాట చెప్పినప్పుడు నాయనమ్మ మూతి ముడిచింది.

"నలుగురు పిల్లల్ని పెంచాను. ఇప్పుడు నా చేతులు పనికిరాకుండా పోయాయా?" అంది.

ఆశ్రమంలో షిఫ్టు మారినప్పుడల్లా వాడిని చూసుకునే మనిషి మారిపోయేదని, అమ్మానాన్నలంటే ఎవరో వాడికి ఇంకా తెలియదని అమ్మ సర్దిచెప్పింది. లవీనియా ఆ మాటలు విన్నది కానీ పట్టించుకోలేదు. చిన్నపిల్లాడికి అక్క తినిపిస్తే తప్పేముంది?

లామ్ అందరినీ చూసి ఒకేలా నవ్వేవాడు. అమ్మని చూసి ఎలా నవ్వేవాడో, పోస్టుమ్యాన్‌ని చూసి కూడా అలాగే నవ్వేవాడు. పడితే ఏడ్చేవాడు కాదు. లేచి, మోకాలు తుడుచుకుని, మళ్లీ నడిచేవాడు. ఎంత బుద్ధిమంతుడో అని చూసినవాళ్లంతా మెచ్చుకునేవారు. అప్పుడు అమ్మ మాత్రం దిగులుగా వాడి మోకాలే చూసేది.

ఆ రోజు బ్యాంకా వెళ్లిపోయాక లవీనియా వంటగదిలోకి వెళ్లింది. డబ్బాలో గాజుల్లా గుండ్రంగా ఉండే కరకరలాడే రొట్టెలున్నాయి. ఒకటి తీసుకుని, చొక్కా కింద దాచుకుని, గదిలోకి వచ్చి లామ్‌కి చిన్న ముక్క విరిచి ఇచ్చింది. వాడు తినేసి మళ్లీ చెయ్యి చాపాడు. ఆమె ఇంకో ముక్క ఇచ్చింది.

మర్నాటికల్లా వాడు ఆమె వెనకాలే తిరగడం మొదలుపెట్టాడు. ఆమె బడి నుంచి రాగానే పరుగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకునేవాడు. లవీనియాకి కాలు నేల మీద నిలవలేదు. వాడికి అందరికంటే తనే ఎక్కువ ఇష్టమని మురిసిపోయింది. రోజూ మంచం కింద దూరి ఇద్దరూ రహస్యంగా రొట్టె తినేవారు.

అప్పట్నుంచి రాత్రి భోజనాల దగ్గర లామ్ నోరు తెరిచేవాడు కాదు. అమ్మ అక్కడి ఆశ్రమంలో నేర్చుకుని మరీ బియ్యపు జావ కాచేది. వాడు స్పూను తోసేసి లవీనియా వైపు చూసేవాడు. అలా నాలుగు రోజులు జరిగింది. ఐదో రోజు అమ్మ జావ గిన్నె సింకులో పెట్టి, కొళాయి విప్పి, అటు తిరిగి చాలాసేపు నిలబడింది. తన చేతి తిండి వాడికి సయించట్లేదని నాన్నతో మెల్లగా అంది. నాన్న ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

లవీనియా తల వంచుకుని తన పళ్లెంలోకే చూస్తూ కూర్చుంది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఇక లామ్ తన వెనకాల రాడు. అందుకని చెప్పలేదు.

గురువారం సంత రోజు. నాన్న చేపల పడవ మీద వెళ్లాడు. అమ్మ పిల్లలిద్దరినీ తీసుకుని కూరగాయలకి వెళ్లింది. డబ్బులివ్వడానికి పర్సు తీస్తూ, ఒక్క నిమిషం తమ్ముడి చెయ్యి పట్టుకోమని లవీనియాకి చెప్పింది. లవీనియా పట్టుకుంది. లామ్ రొట్టె కోసం రెండో చెయ్యి ఆమె జేబు దగ్గరికి చాపాడు. జేబులో ఏమీ లేదు. ఖాళీ చేతులు చూపిద్దామని ఆమె వాడి చెయ్యి వదిలింది. అంతలో రోడ్డుకి అటువైపు నుంచి బ్యాంకా పిలిచింది. లవీనియా తలెత్తి చెయ్యి ఊపి, మళ్లీ కిందికి చూసేసరికి లామ్ లేడు.

అమ్మ చేతిలో సంచి జారి టొమాటోలన్నీ దొర్లిపోయాయి. ఆమె లామ్ పేరు పిలుస్తూ జనంలోంచి పరుగెత్తింది. జున్ను కొట్టతను, బట్టలమ్మే ఆవిడ కూడా తలో వైపు వెతకడానికి వెళ్లారు. సందు దాటితే కాలువ. కాలువకి గోడ లేదు, నీళ్లలోకి మెట్లే ఉన్నాయి. లవీనియా అటే పరుగెత్తింది.

లామ్ అక్కడే ఉన్నాడు. ఆఖరి మెట్టుకి పైమెట్టు మీద ఒక ముసలాయన పక్కన కూర్చుని రొట్టె తింటున్నాడు. ఆయన ఒక చేత్తో నీటి పక్షులకి ముక్కలు వేస్తూ, రెండో చేత్తో వాడిని గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మ పరుగున వచ్చి చేతులు చాపింది. లామ్ ఆమెని చూసి, అందరినీ చూసి నవ్వినట్టే నవ్వాడు. ఆ తర్వాత ముసలాయన మోచేతి కింద తల దూర్చాడు.

"రొట్టె చూసి వాడే వచ్చి నా వేలు పట్టుకున్నాడమ్మా. ఎవరి పిల్లాడో తెలియక ఇక్కడ కూర్చోబెట్టాను," అన్నాడాయన. ఆమె ముఖమూ పిల్లవాడి ముఖమూ మార్చి మార్చి చూశాడు. "మరి మిమ్మల్ని చూసి కదలడేం? మీ వాడేనని నేనెలా నమ్మను?"

అమ్మ చాపిన చేతులు దించలేదు.

"మా తమ్ముడే. ఆవిడ మా అమ్మ," అంది లవీనియా. "వాడికి ఇంకా తెలీదు తాతా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు."

చెబుతూ ఉండగానే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతలో జున్ను కొట్టతను వచ్చి, వీళ్లు తనకి తెలిసినవాళ్లేనని చెప్పాడు. అప్పుడుగాని ఆయన లామ్‌ని అమ్మ చేతికివ్వలేదు.

ఇంటికొచ్చాక లవీనియా మంచం కిందున్న రొట్టె ముక్కలన్నీ ఏరి తెచ్చి వంటగది బల్ల మీద పెట్టింది. జరిగిందంతా చెప్పింది. జావ వాడికి నచ్చక కాదని కూడా చెప్పింది.

అమ్మ ఒక ముక్క చేతిలోకి తీసుకుంది.

"జావ కాయడం నాకు రాదేమో అనుకున్నాను," అంది. ఆమెకి కొంచెం నవ్వూ కొంచెం ఏడుపూ వచ్చాయి. "చూడు తల్లీ. ఎవరు ముక్క పెడితే వాళ్లే తనవాళ్లని వాడనుకుంటున్నాడు. ఇవాళ నువ్వు, రేపు ఆ తాత, ఎల్లుండి ఇంకెవరో. మేము ఎక్కడికీ పోమని వాడికి ముందు తెలియాలి. అప్పుడు నీ చేత్తో ఎన్ని తినిపించినా ఫర్వాలేదు."

పొయ్యి దగ్గర నిలబడ్డ నాయనమ్మ దగ్గింది.

"రోజూ సాయంత్రం నేను కూడా చెంచాడు జామ్ పెడుతున్నాను," అని గోడ వైపు చూస్తూ చెప్పింది. అమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఆమెనే చూసింది. నాయనమ్మ జామ్ సీసా తెచ్చి రొట్టె ముక్కల పక్కన పెట్టేసింది.

ఆ తర్వాతి రోజులు లవీనియాకి కష్టంగానే గడిచాయి. లామ్ వచ్చి చెయ్యి చాపితే వాడిని నడిపించుకుంటూ అమ్మ దగ్గరికి తీసుకెళ్లేది. వాడికి కోపం వచ్చేది. ఒకసారి ఆమె చెయ్యి కొరికాడు. ఆమె బడి నుంచి వచ్చినప్పుడు ఇక పరుగెత్తుకుని రాలేదు. ఆమె నేల మీద కూర్చుని డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కూలదోస్తుంటే, దూరం నుంచి చూసేవాడు. కొన్నాళ్లకి దగ్గరికొచ్చి తనూ కూలదోశాడు. జావ మాత్రం గిన్నెడూ తింటున్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం అమ్మ కింది గదిలో చేపలు శుభ్రం చేస్తోంది. తలుపు తెరిచే ఉంది. గుమ్మం ముందు లవీనియా, బ్యాంకా తాడు తిప్పుతున్నారు. లామ్ పావురం వెనకాల పరుగెత్తి, రాయి తగిలి బోర్లా పడ్డాడు. చెప్పు ఊడి పక్కన పడింది.

ఎప్పటిలాగే లేస్తాడనుకుంది లవీనియా. వాడు లేవలేదు. పెదవి వణికింది. నోరు తెరిచి పెద్దగా ఏడ్చాడు. వాడు ఏడవగా ఆమె విన్నది అదే మొదటిసారి. దగ్గరగా ఉన్నది ఆమే కనుక ఆమె వైపే చేతులు చాపాడు.

లవీనియా చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. అవి వాడిని తాకకముందే వెనక్కి తీసుకుంది. వాడి పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. బ్యాంకా ఎత్తుకోబోతే ఆపింది.

"ఏడుస్తున్నాడు కదే," అంది బ్యాంకా.

"మా అమ్మ ఎత్తుకుంటుంది," అని లవీనియా లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది.

అమ్మ చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చింది. లామ్ చేతులు అటు తిప్పాడు. ఆమె ఎత్తుకోగానే మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, ముఖం దాచుకుని, ఇంకా గట్టిగా ఏడ్చాడు. పక్కింటి కిటికీలోంచి ఎవరో ఏమైందని అడిగారు. అమ్మ చేప పొలుసులంటిన చేతుల్తోనే వాడిని అదుముకుంది. వాడి వీపు నిమురుతూ లోపలికి నడిచింది.

లవీనియా రాళ్ల మధ్య పడ్డ చిన్న చెప్పు తీసి, దుమ్ము దులిపి, వాళ్ల వెనకాలే లోపలికి వెళ్లింది.