వినుత మింగలేదు

పెళ్లిచూపులైన మూడో దినం, వినుత ఫోన్ స్టేటస్‌లో ఒక ఫోటో చూసినాడు యతీశ్. ఆమె ముక్కు దగ్గర పెట్టుకున్న గాజు గ్లాసు. లోపల ఎర్రంది.

"దానిమ్మ రసమేమో" అన్నాడు తల్లితో, తనకే నమ్మకం లేకుండా.

"దానిమ్మ రసాన్ని ఎవురప్పా వాసన చూసి తాగేది?" అనింది జయలక్ష్మమ్మ. "ద్రాక్ష కంపెనీలో పనంటే ఎండుద్రాక్ష అనుకుంటి. సంబంధం తెచ్చిన దాసప్ప ఇంకేమేమి దాచినాడో! ముహూర్తం పెట్టకముందే పోయి చూసి రా."

తళి ఊర్లో గులాబీలు పండించే యతీశ్‌కు పిల్ల నచ్చేసింది. అదే చిక్కు. నచ్చిన పిల్లను అనుమానించేకి పోవాలంటే చొక్కాకు రెండు సార్లు ఇస్త్రీ కావాల.

స్టేటస్‌లో ఫోటో కింద ఉన్న అడ్రసు పట్టుకోని, ఆదివారం పదకొండుకు హోసూరులో ఒక హోటల్ ముందర బండి ఆపినాడు. 'దేశదేశాల వైన్ల రుచి. ప్రవేశం ఉచితం' అని బోర్డు. ఉచితమనే మాట చూస్తే మనవాళ్లకు ఎట్లాంటి అనుమానమైనా సగం తగ్గిపోతాది.

హాల్లో స్తంభం చాటున కూర్చున్నాడు. వినుత మైకు పట్టుకోనుంది.

"గ్లాసు మెల్లగా తిప్పండి. వాసన చూడండి. ఇది ఇటలీది. చెర్రీపండు తెలుస్తా ఉందా?"

యతీశ్‌కు జ్వరం మందు తెలిసింది.

వినుత ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, స్టీలు బకెట్‌లో ఉమ్మేసింది. బాగలేదేమో పాపం అనుకున్నాడు. ఫ్రాన్సుది గూడా ఉమ్మింది. చిలీది గూడా. అందరి ముందర ఉమ్మి, లోపలికి పోయి తాగతాదేమో! పులిసిన చట్నీని గూడా పారేయని ఇంట్లో పుట్టినవాడు, అంత దూరం నుంచి వచ్చినదాన్ని ఉమ్మేకి మనసొప్పక తన గ్లాసులన్నీ మర్యాదగా మింగినాడు.

అంతా అయినాక వినుత చూసేసింది.

"మీరు తళి యతీశ్ కదా? ఈడేమి?"

యతీశ్ లేచినాడు. స్తంభం గూడా లేచినట్లయింది.

"గులాబీ ఆర్డరు..."

"ఉమ్మకుండా ఎన్ని మింగినారు?"

"ఏడు దేశాలు."

వినుత ముఖం మారిపోయింది. "కాఫీ గూడా తాగరని చెప్పినాడే దాసప్ప!"

"మీరు తాగతారేమో చూసేకి వచ్చినానండీ!" నిజం తన్నుకొచ్చేసింది.

"నేను మింగితే నాలిక మొద్దుబారిపోతాది. నాలికే నా ఉద్యోగం." ఆమె కండ్లు చిన్నవి చేసింది. "మీకు నిజంగా ఇదే మొదటిసారా? కదలొద్దు."

దగ్గరికొచ్చి వాసన చూసింది. యతీశ్ ఊపిరి బిగబట్టినాడు.

"పాత వాసనేమీ లేదు. గులాబీ, వేపనూనె, ఇస్త్రీ. బోలెడంత భయం."

"బాగుందా?"

"అడక్కూడదు" అనింది, నవ్వు ఆపుకుంటా. "బండి తాళం ఈయండి. బస్సులో పోదురు."

అంతలో ఫోన్ మోగింది.

"ఏమప్పా, తాగిందా ఆ పిల్ల?"

"చుక్క గూడా మింగలేదమ్మా! దేవతమ్మా!"

"నీ గొంతేమి అట్లుంది?"

వినుత ఫోన్ లాక్కునింది. "కొంచెం ఎండ తగిలింది. బస్సెక్కిస్తా. మీరు గాబరా పడొద్దు అత్తా."

యతీశ్‌కు ఏడు దేశాలూ ఒక్కసారిగా దిగిపోయినాయి.

"ఎవురమ్మా నీకు అత్త?" అనింది జయలక్ష్మమ్మ, అనుమానంగా.

వినుత యతీశ్ పక్క చూసింది. "మీరే."

"ఎండంట, ఎండ! వానికి రెండు లోటాల మజ్జిగ తాపించి పంపు, కోడలా."